ఇసుక, పలక, చిలక

1823 ఆగస్టు 17న బళ్లారి కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ క్యాంప్‌బెల్ మద్రాసు రెవిన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. శిస్తు లెక్క కాదది, బడుల లెక్క. అంతకు ముందు ఏడాది జూన్‌లో గవర్నరు టామస్ మన్రో అన్ని జిల్లాల కలెక్టర్లకూ తాఖీదు ఇచ్చాడు: మీ జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఎందరు చదువుతున్నారు, ఏ కులాల పిల్లలు, ఏమేం చదువుతున్నారు, అన్నీ రాసి పంపమని. కొందరు పట్టికలు నింపి పంపి ఊరుకున్నారు. క్యాంప్‌బెల్ మాత్రం బడి అరుగు మీద కూర్చుని చూసినవాడిలా రాశాడు. పిల్లవాడు మొదటిరోజు ఏం చేస్తాడు, వేలితో రాస్తాడా కలంతో రాస్తాడా, పలకకు ఏం పూస్తారు, రాసింది దేనితో తుడుస్తారు, ఇంతవరకూ వెళ్లాడు.

మా ఆదోని అప్పుడు ఆ జిల్లాలోదే. ఇప్పటి అనంతపురం కూడా 1882 దాకా అందులోనే ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారి ఊరు అటు పోయింది. అంచేత ఆ కాగితాల్లో ఇసుక మీద వంగి కూర్చున్న పిల్లలు నాకు పరాయివాళ్లుగా అనిపించరు. ఉద్యోగమంతా ఒకటీ రెండూ తరగతులకే చెప్పిన పంతులమ్మను నేను. పెద్ద తరగతులు ఇస్తామన్నా వద్దన్నదాన్ని. రిటైరయ్యాక తీరిక దొరికి, ధరంపాల్ 1983లో అచ్చు వేయించిన ఆ పాత నివేదికల సంపుటం తెచ్చుకుని చదువుతుంటే, చరిత్ర చదువుతున్నట్టు లేదు. పక్క ఊరి బడి మీద ఇన్‌స్పెక్టరు రాసిన రిపోర్టు చదువుతున్నట్టుంది.

పిల్లవాడికి అయిదేళ్లు నిండితే అయ్యవారినీ, బడిపిల్లలందరినీ ఇంటికి పిలిచేవారట. వినాయకుడి బొమ్మ చుట్టూ అందరూ కూర్చుంటే, చదువు మొదలుపెట్టే పిల్లవాణ్ని బొమ్మకు ఎదురుగా కూర్చోబెట్టి, అయ్యవారు పక్కన చేరి, వాడి వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు రాయించేవాడు. ఇది మనకు చెప్పాల్సిన పని లేదు. ఇవాళ్టికీ శ్రీపంచమి నాడు బాసరకు వెళ్లి చూడండి, అదే బియ్యం, అదే వేలు. అయితే ఈ రోజుల్లో ఆ బియ్యం ముచ్చట ఆ ఒక్కరోజుతో సరి. మర్నాడు పిల్లవాడి చేతికి పెన్సిలు వస్తుంది. అప్పట్లో మర్నాడు ఇసుక వచ్చేది. అసలు చదువు అక్కడ మొదలయ్యేది.

క్యాంప్‌బెల్‌కు వింతగా తోచిన సంగతి ఒకటుంది. ఐరోపాలో పిల్లలు అక్షరాలను ముందు నోటితో పలకడం నేర్చుకుంటారు. ఇక్కడ నేల మీద ఇసుక పరిచి, వేలితో రాయడంతోనే అక్షరం నేర్చుకుంటున్నారు. పలకడమూ ఉంటుంది, కాకపోతే వేలు తిరుగుతుండగా నోరు దాని వెంట పోతుంది. ఓనమాలు దిద్దేది అలాగే. గుణింతంలో తలకట్టు, గుడి, కొమ్ము, సుడి అని పిల్లలు గట్టిగా అంటూ రాసేది కూడా, చెయ్యి ఎటు తిరగాలో నోటితో చెప్పుకోవడమే.

ఇసుకలో ఉన్న సుఖం ఒకటో తరగతి చెప్పినవాళ్లకు తెలుస్తుంది. అయిదేళ్ల పిల్లవాడికి వేళ్లకన్నా ముందు భుజం మాట వింటుంది, తర్వాత మోచెయ్యి, ఆ తర్వాతే మణికట్టు. పుట్టినప్పుడు మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలూ మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వచ్చి, చివరిది గట్టిపడేసరికి తొమ్మిది నుంచి పన్నెండేళ్లు దాటుతాయి. అలాంటి చేతిని సన్నటి పెన్సిలు పట్టుకుని రెండు గీతల మధ్య సున్నా చుట్టమంటే వాడు పెన్సిలును పిడికిట్లో బిగిస్తాడు, నాలుక బయటపెడతాడు, కాగితం చింపుతాడు. ఇసుకలో అయితే ‘ఠ’ అంటే జానెడు ‘ఠ’. చెయ్యంతా కదులుతుంది. ఇసుక కొంచెం ఎదురు చెబుతుంది కాబట్టి వేలు ఎటు పోయిందో వేలికే తెలుస్తుంది. తప్పు పోతే అరచేత్తో ఒక్కసారి తుడిస్తే చాలు, చెరిగిపోతుంది. కొట్టివేతలు ఉండవు, ఎర్రసిరా ఉండదు, ఖర్చు అసలే ఉండదు.

ఇసుకలో చెయ్యి తిరిగాక వాడికి పై మెట్టు. కొందరు తాటాకు మీద గంటంతో, కొందరు కాగితం మీద రెల్లు కలంతో, ఒక్కోసారి ఈశ్వరి తీగ ఆకుల మీద కూడా రాసేవారని క్యాంప్‌బెల్ అంటాడు. మా వైపు ఎక్కువగా వాడినవి రెండు. ఒకటి చెక్క పలక: సుమారు అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు. బాగా చిత్రిక పట్టి, అన్నమూ బొగ్గుపొడీ కలిపి మెత్తితే పలక తయారు. రెండోది కడితం: గుడ్డకు గంజి పెట్టి, పుస్తకంలా మడతలు వేసి, బొగ్గూ జిగురులూ కలిపిన పూత పట్టించేది. రెండింటి మీదా బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచేసేవారు. మా తాతగారి పెట్టెలో ఒక కడితం ఉండేది, పత్తి అడితి దుకాణం లెక్కలది. మడతల దగ్గర పూత రాలిపోయి గుడ్డ బయటపడింది గాని, తెల్ల అక్షరాలు మాత్రం మొన్న రాసినట్టే ఉండేవి. ఆ బలపం మన రాచిప్పలు చేసే మెత్తరాయి జాతిదే. గోరుతో గీసినా గీత పడుతుంది. చేతికి కొంచెం పట్టు వచ్చిన పిల్లవాడికి అంతకన్నా మంచి పనిముట్టు నేటికీ నాకు కనపడలేదు.

వరుస గమనించండి. మొదట వేలు, ఆ తర్వాతే లావుపాటి బలపమో, సన్నటి గంటమో, కలమో. ఇసుక నుంచి తాటాకుకు చేరడం పిల్లవాడికి ఒక హోదా. ఈ మెట్లు ఎవరో శాస్త్రవేత్త ఆలోచించి కట్టినవి కావు. కాగితం ఖరీదు, తాటాకు చెడిపోతే పనికిరాదు, ఇసుక ఊరికే వస్తుంది. పేదరికమే పాఠ్యప్రణాళిక రాసింది, అది చేతికి సరిగ్గా కుదిరింది.

బడి ఇలా ముద్దుగా ఉండేదని మురిసిపోనక్కర్లేదు. పొద్దున అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అక్కణ్నుంచి ఆలస్యాన్ని బట్టి ఒక్కొక్కటి పెరుగుతూ పోయేది. మొండికేసినవాణ్ని దూలానికి చేతులు కట్టి వేలాడదీసేవారు. దాన్ని కోదండం అనేవారు. మా నాన్న 1930లలో గుడి అరుగు మీద చదువుకున్నారు, కోదండం వేయించుకోలేదు గాని చూశారు. చెప్పేటప్పుడు నవ్వుతూ చెప్పేవారు. నాకు ఎప్పుడూ నవ్వు రాలేదు.

ఇక్కడ కథ కాసేపు మద్రాసు మీదుగా ఇంగ్లండు పోతుంది. 1789లో ఎగ్మూరులోని మగపిల్లల అనాథాశ్రమానికి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదిరి అధిపతిగా వచ్చాడు. ఆశ్రమంలో ఉన్నది సైనికుల పిల్లలు. అక్షరాలు ఎంతకీ రావడం లేదు. ఒకరోజు పొద్దున గుర్రమెక్కి పోతుంటే ఒక తమిళ వీధిబడి కనిపించింది, పిల్లలు వరుసగా కూర్చుని ఇసుకలో వేళ్లతో రాస్తున్నారు. తిరిగొచ్చి తన ఉపాధ్యాయులను ఇదే చేయించమన్నాడు. వాళ్లు కుదరదన్నారు. అప్పుడు జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల కుర్రాణ్ని చిన్నపిల్లల మీద పెట్టాడు. వాడు నేర్పేశాడు. పిల్లవాడే పిల్లవాడికి చెప్పడం, ఇసుకలో రాయించడం, ఈ రెండూ కలిపి బెల్ 1797లో లండన్‌లో ఒక పుస్తకం అచ్చేయించాడు. అది మద్రాసు పద్ధతి అయింది. జోసెఫ్ లాంకాస్టర్ కూడా తన లండన్ బడిలో బీదపిల్లలకు ఇసుక బల్లలు పెట్టాడు. వందలాది ఇంగ్లీషు పిల్లలు ఏ బీ సీలను ఇసుకలో రాసుకున్నారు. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో బెల్ సొమ్ముతో 1830లలో తెరిచిన బడికి ఇప్పటికీ మద్రాస్ కాలేజీ అనే పేరు.

క్యాంప్‌బెల్‌కు ఈ సంగతంతా తెలుసు. ఇంత తక్కువ ఖర్చుతో రాత నేర్పడం, పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించడం మెచ్చదగినవనీ, ఇంగ్లండు వీటిని అనుకరించడం సబబేననీ రాశాడు. మన పాతబడిని పొగిడేవాళ్లంతా అక్కడితో ఆగిపోతారు. నివేదిక అక్కడితో ఆగలేదు.

ఆయన మామూలు కలెక్టరు కాడు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చేయించినవాడు. ద్రావిడ భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావని ఎఫ్.డబ్ల్యూ.ఎల్లిస్ మొదటిసారి నిరూపించింది ఆ పుస్తకం ముందుమాటకు రాసిన వ్యాసంలోనే. 1821లో క్యాంప్‌బెల్ నిఘంటువు కూడా వచ్చింది. అంచేత పిల్లలు ఏం వల్లిస్తున్నారో ఆయన చెవికి తెలుసు. పద్యాలు వల్లిస్తున్నారు. పురాణాలు వల్లిస్తున్నారు. ఆ పుస్తకాల భాష వీధిలో మాట్లాడే భాష కాదు. లిపి ఒకటే గాబట్టి చూసి గడగడా చదివేస్తారు. అర్థం అడిగితే మాటలు నేర్చిన చిలకకు ఎంత తెలుసో అంతే. ఏళ్ల తరబడి పడ్డ శ్రమకు మిగిలేది జ్ఞాపకశక్తి, పైగా నాలుగు లెక్కలూ చీటీలూ రాసుకునే నేర్పు. అయ్యవార్లలో చాలామందికి కూడా తాము చెప్పేదాని అర్థం తెలియదని ఆయన ఫిర్యాదు.

చిలక మాట చదివి నేను చాలాసేపు ఆగాను. రెండో తరగతి పిల్ల ఒకతి, ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, కాకీ కుండా కథను ఒక్క తప్పు లేకుండా చదివింది. రాళ్లు ఎందుకేసిందమ్మా కాకి అంటే పుస్తకంలోని వాక్యాన్నే మళ్లీ చదివింది. మా ఆదోనిలో ఇది కొత్త కాదు. ఇంట్లో ఉర్దూ, లంబాడీ, కన్నడం, బయట రాయలసీమ తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు. చెయ్యి బాగా తిరిగిన పిల్లలు ఈ లోటును సులువుగా కప్పేస్తారు. అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, చదువు గడగడా సాగుతుంది, పంతులమ్మ మంచి మార్కులు వేస్తుంది, అర్థం ఊసు ఎవరికీ గుర్తురాదు.

అప్పటి పట్టికలోకి మళ్లీ వెళ్దాం. జిల్లాలో 533 బడులు: కన్నడంవి 235, తెలుగువి 226, మరాఠీవి 23, పారశీకంవి 21, సంస్కృతం చెప్పే చోట్లు 23, తమిళంవి 4, ఇంగ్లీషుది 1. పిల్లలు 6,641 మంది. అందులో ముస్లిం పిల్లలు 243. హిందూ మగపిల్లల్లో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులుగా లెక్కేసినవారు 2,998, మిగతా కులాలవారు 1,174. బడి అంటే బ్రాహ్మలదే అనుకునేవాళ్లు ఈ అంకెలు చూడాలి. వీధిబడి బంగారం అనేవాళ్లు పక్కనున్న ఇంకో అంకె చూడాలి: జిల్లా మొత్తంలో బడికొచ్చే ఆడపిల్లలు 60 మంది.

ఆ అరవై మందిని లెక్కలోంచి తీసేస్తే జిల్లాలోని ఆడపిల్లలందరూ బడి బయటే ఉన్నారు. కానీ వాళ్ల చేతులు ఊరుకోలేదు. తెల్లవారితే వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు వేయాలి. చిటికెడు పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, సన్నగా, తెగకుండా, ఒకే వేగంతో వదలడమంటే కలం పట్టడం కన్నా కష్టం. అచ్చనగండ్లు, వామనగుంటలు, చింతపిక్కలు ఊదడం, పూలు గుచ్చడం, వత్తులు చేయడం, పప్పులో రాళ్లు ఏరడం. ఈ రోజుల్లో నర్సరీ బడులు ఫీజు తీసుకుని ప్లాస్టిక్ పూసలతో చేయించే పనులన్నీ వాళ్లు ఉత్తినే చేశారు. మన దేశంలో చేతికి అంత పదును పెట్టుకుని ఒక్క అక్షరమూ రాయకుండా వెళ్లిపోయిన ఆడవాళ్లు ఎన్ని తరాలవారో!

మరి కథలు చెప్పింది కూడా వాళ్లే. నిజానికి పిల్లవాడి చదువును మనవాళ్లు రెండుగా పంచారు. చెయ్యి అయ్యవారికి, అర్థం అవ్వకు. పగలు బడిలో అర్థం కాని పద్యం, రాత్రి మిద్దె మీద పేదరాశి పెద్దమ్మ కథ. మా అవ్వ వేలిముద్ర మనిషి. కథ మధ్యలో ఆపి, “ఇప్పుడు వాడేం చేస్తాడో చెప్పప్పా?” అనేది. మేం చెప్పేదాకా కదిలేది కాదు. తప్పు చెబితే, “అట్ల చేస్తే రాజు ఊరుకుంటాడా?” అనేది. ముందు జరగబోయేది ఊహించడం, కారణం వెతకడం, మాట నచ్చకపోతే వాదించడం, ఇదంతా చదివి అర్థం చేసుకోవడంలో సగానికి పైగా పని. ట్రైనింగులో నాకు ఇంగ్లీషు పేర్లతో చెప్పినవి ఇవే. విషాదమేమిటంటే ఆ రెండు చదువులూ ఒక ఇంట్లోనే ఉండి ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. అవ్వకు అక్షరం లేదు, అయ్యవారికి కథ అక్కర్లేదు.

క్యాంప్‌బెల్ ఇంకో మాటా రాశాడు, అధికారి అయ్యుండి. బడులు తగ్గిపోతున్నాయి, కారణం జనం చితికిపోవడం. విలాయతీ మిల్లు బట్ట వచ్చి ఇక్కడి నేతగాళ్ల బతుకు దెబ్బతింది, పిల్లలు చేతికి అందిరాగానే పనికి పోతున్నారు అని. ఆదోని జంపఖానాల ఊరు. ఈ ముక్క మా వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. 1826లో మన్రో అన్ని జిల్లాల లెక్కలూ కూడబెట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తానికి 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు అని తేల్చాడు. కొత్త బడులు పెట్టాలన్నాడు. మరుసటి ఏడాదే కలరాతో పత్తికొండలో పోయాడు, ఆదోనికి దగ్గర్లోనే.

తర్వాత అచ్చు పుస్తకం వచ్చింది. పుదూరు చదలవాడ సీతారామశాస్త్రి బాలశిక్ష పెరిగి పెరిగి పెద్దబాలశిక్ష అయింది, తెలుగు ఇళ్లల్లో తరాలపాటు తిష్ఠవేసింది. నాకు దాని మీద ప్రేమే. అక్షరాలు, గుణింతాలు, రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు, నీతివాక్యాలు, సంవత్సరాల పేర్లు, లెక్కలు, ఒక్క పుస్తకంలో ఊరంత సంగతి. కానీ నిజం చెప్పుకోవాలి, ఆ పుస్తకం పిల్లవాణ్ని ఏదీ అడగదు. చెబుతుంది, వాడు వల్లిస్తాడు.

అడగాల్సిన ప్రశ్న అడగడానికి ఇంకో ఎనభై తొంభై ఏళ్లు పట్టింది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి, ఆయనకు తోడుగా గురజాడ, బడుల ఇన్‌స్పెక్టరు జె.ఎ.యేట్స్ కలిసి, పిల్లల నోట్లో ఉన్న భాష పుస్తకంలో ఎందుకు ఉండకూడదన్నారు. అంతకు ముందే గిడుగు సవర గిరిజన పిల్లల కోసం వాళ్ల భాష నేర్చుకుని పుస్తకాలు రాశాడు. ఇంటి భాషలో మొదలుపెడితే పిల్లవాడికి చదివేది అర్థమవుతుందని సొంతకళ్లతో చూసినవాడు కాబట్టి పండితుల మీద అంత మొండిగా పోట్లాడాడు. వ్యావహారిక ఉద్యమాన్ని మనం సాహిత్యం గొడవగా చెప్పుకుంటాం. నా మటుకు నాకు అది ఒకటో తరగతి గొడవ. గిడుగు 1940లో పోయారు. పిల్లల పుస్తకాలు మాట్లాడే తెలుగులోకి రావడం ఆయన పోయిన చాలాకాలానికి గాని జరగలేదు. ఆ మధ్యకాలంలో ఆ పని బడి బయట చేసింది 1947 జూలైలో మద్రాసులో మొదలైన చందమామ. ఒకరు చదువుతుంటే నలుగురు వినేవాళ్లు. వినీ వినీ, తర్వాతి నెల సంచిక కోసం ఆగలేక తామే చదవడం మొదలుపెట్టేవాళ్లు. అందులోని బేతాళుడు ప్రతి కథ చివరా విక్రమార్కుణ్ని ప్రశ్న అడుగుతాడు గదా. పిల్లలు పేజీ తిప్పకముందే జవాబు కోసం కొట్టుకునేవాళ్లు.

ఇంతలో ఇసుక మళ్లీ మద్రాసు చేరింది, ఈసారి ఇటలీ నుంచి. 1907లో రోములోని సాన్ లొరెంజో పేటలో మరియా మాంటిస్సోరి కూలివాళ్ల పిల్లలకు బడి తెరిచి, గరుకైన ఇసుక కాగితంతో అక్షరాలు కత్తిరించి చెక్క మీద అతికించి, వాటి మీద వేళ్లతో రాయమంది. పిల్లలు చదవడం కన్నా ముందు రాయడం మొదలుపెట్టారు. ఆమెకు ఈ ఆలోచన ఇటార్, సెగ్విన్ అనే ఫ్రెంచి వైద్యుల పుస్తకాల నుంచి వచ్చింది, మన వీధిబడితో సంబంధం లేదు. 1939 నవంబరులో దివ్యజ్ఞాన సమాజం పిలిస్తే అడయారు వచ్చి, తాటాకు పందిళ్లలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. మరుసటి ఏడాది ఇటలీ యుద్ధంలో దిగడంతో శత్రుదేశస్థురాలై ఈ దేశంలోనే చిక్కుకుపోయింది, 1946 దాకా ఐరోపాకు తిరిగి వెళ్లలేదు. బెల్ చూసిన ఎగ్మూరు ఇసుకకూ, మాంటిస్సోరి గరుకు కాగితానికీ మధ్య దూరం పది మైళ్లు కూడా లేదు. నడుమ నూటయాభై ఏళ్లు. ఆ శిక్షణకు వెళ్లినవాళ్లలో, ఇది మా తాత నేలమీద చేసిందే గదా అని ఒక్కరైనా అనుకుని ఉంటారనే నా నమ్మకం.

అర్థం వైపు నుంచి వచ్చినవాడు గిజుభాయి. వకీలు పని వదిలేసి 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టాడు. ఆయన పుస్తకం ‘దివాస్వప్న’లోని పంతులు పాఠ్యపుస్తకం పక్కన పెట్టి ముందు కథలు చెబుతాడు. తోటి పంతుళ్లు నవ్వుతారు, బడిపెద్ద కసురుకుంటాడు, అయినా చెబుతాడు. అవ్వను బడిలోకి తీసుకురావడమంటే అదే. ఆయన దగ్గర పని నేర్చుకున్న తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్‌తో కలిసి 1945లో బోర్డీ అనే ఊళ్లో, పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ల వాకిట్లోకి వెళ్లాలని అంగన్‌వాడీలు నడిపింది. అక్కడి పనిముట్లు గులకరాళ్లు, గవ్వలు, విత్తనాలు, ఆకులు. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం 33 చోట్ల మొదలుపెట్టిన పథకం తన కేంద్రాలకు ఆ పేరునే తీసుకుంది. పేరుతోపాటు ఆ గవ్వలన్నీ రాలేదు. గుడ్డు, పౌడరు, తూకం రిజిస్టరు వచ్చాయి. ఆకలి ముందు, అక్షరం తర్వాత, అది తప్పనను. తప్పు అంగన్‌వాడీ టీచర్లది అసలే కాదు, ఒక్కో మనిషి నెత్తిన ఎన్ని రిజిస్టర్లు ఉంటాయో చూసినదాన్ని.

పలక కథ వేరే దారిన పోయింది. చెక్కపలక స్థానంలో రాతిపలక వచ్చింది. మన వైపు పిల్లల పలక అంటే మార్కాపురం. అక్కడి కొండల్లో రాయి పొరలు పొరలుగా లేస్తుంది. దాన్ని పలచగా చీల్చి, నున్నగా అరగదీసి, చెక్కచట్రం బిగించి దేశమంతా పంపేవారు. పిల్లవాడి ఒళ్లో తేలిగ్గా ఇమిడే ఆ నున్నదనం వెనక కార్మికుడి ఊపిరితిత్తుల్లో పేరుకున్న రాతిధూళి ఉంది. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో బలపాలు కోసే పనివాళ్లు సిలికోసిస్‌తో చిన్నవయసులోనే పోతుంటే, ఆ రాష్ట్రం 1982లో వాళ్ల సంక్షేమానికి ప్రత్యేకంగా చట్టం చేసింది. తర్వాత రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు, ఆ తర్వాత నోటుబుక్కులు వచ్చాయి. మార్కాపురం రాయి ఇప్పుడు ఇళ్ల గోడలకు, విదేశాల్లో ఇంటి పైకప్పులకు పోతోంది.

నోటుబుక్కు రావడంతో క్యాంప్‌బెల్ వర్ణించిన మెట్లన్నీ ఒక్కసారిగా కూలిపోయాయి. మూడేళ్లకే నర్సరీ, చేతిలో సన్న పెన్సిలు, నాలుగు గీతల కాపీబుక్కు, చుక్కలు కలుపు. అదీ ఇంగ్లీషులో, ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలో. వీధిబడి నుంచి మనం ఇసుకను వదిలేసి చిలకను ఉంచుకున్నాం. వదలాల్సింది ఏదో, ఉంచుకోవాల్సింది ఏదో కలెక్టరు స్పష్టంగానే రాసి పెట్టాడు. ఆ కాగితం అప్పటి మన జిల్లా పేరు మీదే ఉంది.

నేను తరగతిలో చేసింది పెద్ద గొప్పేం కాదు. జూన్‌లో బడి తెరవగానే వంక ఇసుక జల్లించి పాత రేకు పళ్లాల్లో పోసేదాన్ని. పుస్తకం సంగతి తర్వాత, ముందు పాఠంలోని కథ నోటితో, మా ఊరి మాటల్లో. కన్నడం పిల్లలకు కన్నడం ముక్కలు కలిపి. ఆ కథలోని కాకినీ కుండనూ బంకమట్టితో పిల్లలే చేసేవారు. మట్టి పిసకడం వేళ్లకు మంచిది, కుండలో ఎన్ని రాళ్లు వేస్తే నీళ్లు పైకి వస్తాయో నిజంగా వేసి చూడడం బుర్రకు మంచిది. ఒకసారి కుండ ఓటిదై నీళ్లన్నీ కారిపోయాయి. అప్పుడు కాకి ఏం చేయాలి అన్న చర్చ గంట కొట్టేదాకా సాగింది. తర్వాత ఇసుకలో ‘కాకి’, ఆ తర్వాతే పుస్తకంలో ‘కాకి’. అప్పటికి పిల్లలు పేజీలో వెతుక్కునేది అక్షరాలను కాదు, తమకు తెలిసిన కాకిని. ఇన్‌స్పెక్షనుకు వచ్చిన ఒక అధికారి, నోటుబుక్కులు ఖాళీగా ఉన్నాయేమిటమ్మా అని అడిగారు. ఇసుక పళ్లెం చూపించాను. అప్పటికే ఎవరో తుడిచేశారు.

ఈ మధ్య మా మనవడు డల్లాస్ నుంచి ఫోన్లో తెలుగు చదివి వినిపిస్తున్నాడు. వారానికోసారి తెలుగు బడికి వెళ్తాడు. ఒత్తులతో సహా పలుకుతాడు, మా వీధి పిల్లలకన్నా స్పష్టంగా. ఏమర్థమైందిరా అంటే నవ్వుతాడు. వాళ్లమ్మ ఇంకా కష్టమైన పుస్తకం కొంటానంటోంది. వద్దమ్మా, పుస్తకం మూసి పెట్టి ముందు వాణ్ని నాకివ్వు అన్నాను. ఆదివారం సాయంత్రం మాకు, వాళ్లకు పొద్దున. కథ సగంలో ఆపి ఇప్పుడు వాడేం చేస్తాడో చెప్పమంటాను. ఇంగ్లీషూ తెలుగూ కలిపి ఏదో చెబుతాడు, చాలాసార్లు రాజుకు నచ్చని జవాబే.